వంద నిండితేనే తరుగు

బెంగళూరులో చిత్తూరు బస్సెక్కితే ఊరు చేరేలోపు నా భాష రెండుసార్లు మారుతుంది. కోలారు దాటేదాకా ఆఫీసు భాషే. నంగిలి దాటి బోర్డులు తెలుగులోకి తిరగ్గానే, అమ్మతో ఫోన్లో "వస్తున్నా" అనేది "వస్తా ఉండా" అవుతుంది. మొగిలి ఘాట్ దిగి బంగారుపాళ్యం చేరేసరికి "ఇంగ అర్ధగంటలో ఇంట్లో ఉంటా, సంగటి చెయ్" అనేస్తాను. ఇది నాకెవరూ నేర్పలేదు. నాలుక దానంతటదే మారిపోతుంది.

మొన్న మే నెలలో ఆ బస్సెక్కింది మాత్రం నాలుక చెయ్యలేని పని కోసం. ఒక ప్రోగ్రాంని దాని పాత యాసలోంచి కొత్త యాసలోకి మార్చాలి.

మా ఊరు పూతలపట్టు దగ్గర. నాలుగెకరాల తోతాపురి తోట ఉంది. కాయ కోతకొస్తే మా ట్రాక్టర్ పాకాల మీదుగా దామలచెరువు మార్కెట్‌కి పోతుంది. జూన్, జులైలో ఆ రోడ్డు మీద వెళ్తే కిటికీ మూసుకున్నా మామిడి వాసనే. మండీల ముందు గుట్టలు గుట్టలుగా కాయ, వాటి మధ్య టీ గ్లాసులతో తిరిగే పిలకాయలు, వే బ్రిడ్జి దగ్గర వరస కట్టిన ట్రాక్టర్లు. నాయన ఇరవై ఏళ్లుగా అక్కడ ఒకే మండీకి తోలుతున్నాడు. ఆ మండీ ఆయన్ని నేను మామా అంటాను. చుట్టరికం ఏమీ లేదు, చిన్నప్పటి నుంచి అలవాటు.

ఏప్రిల్‌లో మామ ఫోన్ చేశాడు.

"అబ్బోడా, మన కంప్యూటర్ ముసలిదైపోయింది. గంటకొకసారి ఆరిపోతా ఉండాది. కొత్త ల్యాప్‌టాప్ తెచ్చినా. మన లెక్కల ప్రోగ్రాం దాంట్లోకి ఎక్కించి పోరాదా? అట్లనే చీటీ రైతుకి వాట్సాప్‌లో పోయేటట్టు చెయ్యి నాయనా."

రెండు గంటల పని అనుకున్నా. రెండు వారాలు పట్టింది.

ఎర్రగడ్డ సమస్య

మండీలో ఉన్నది విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్. మైక్రోసాఫ్ట్ దానికి 2014 ఏప్రిల్‌లోనే సపోర్ట్ ఆపేసింది. అందులో 2011లో ఎవరో తిరుపతి కుర్రాడు రాసిన ప్రోగ్రాం ఉంది. భాష పైథాన్ 2.7. బరువు, ధర కొడితే చాలు. తరుగు, కమీషన్, కూలి తీసేసి రైతుకి ఇవ్వాల్సింది లెక్కగట్టి, పేరుతో చీటీ ప్రింట్ చేస్తుంది.

పైథాన్ తెలియని వాళ్ల కోసం కొంచెం చరిత్ర. పైథాన్ 2 వచ్చింది 2000లో. భాషలో మొదటి నుంచీ ఉండిపోయిన కొన్ని లోపాలు దిద్దాలని, దాన్ని తయారు చేసిన గీడో వాన్ రాసమ్, ఆయన బృందం 2008 డిసెంబర్ 3న పైథాన్ 3 విడుదల చేశారు. ఈసారి పాత ప్రోగ్రాంలు కొత్తదానిలో నడవకపోయినా సరే అని తెలిసే మార్చారు. ఆ తర్వాత కూడా పాత దారిలోనే 2010లో 2.7 వచ్చింది. దానికి 2015లో ముగింపు అన్నారు. లోకం మారలేదు. గడువు పొడిగించి, చివరికి 2020 జనవరి 1న పాతదానికి సెలవు చెప్పారు. అంటే పదకొండేళ్లు రెండు యాసలూ పక్కపక్కనే బతికాయి. నేను తిరుపతిలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు ల్యాబ్‌లో రాసిన మొదటి ప్రోగ్రాం కూడా పాత యాసలోనే.

మా వైపు వాళ్లకి పాకాల జంక్షన్‌తో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. పాకాల నుంచి ధర్మవరం పోయే లైను ఒకప్పుడు మీటర్ గేజ్. పట్టాల మధ్య 1,000 మిల్లీమీటర్లు. ఇప్పుడది బ్రాడ్ గేజ్, 1,676 మిల్లీమీటర్లు. పాత పెట్టె ఎంత గట్టిదైనా కొత్త పట్టాల మీద నిలబడదు. ఎక్కించగానే తెలిసిపోతుంది.

ప్రోగ్రాంలో చిక్కేమిటంటే, కొన్ని పాత పెట్టెలు కొత్త పట్టాల మీద కూడా చక్కగా నడుస్తాయి. నడిచి వేరే ఊరు చేరతాయి.

బెంగళూరులో నా రూమ్మేట్ హైదరాబాద్ వాడు. మొదట్లో నేను "కింద పిలకాయలు ఆడుకుంటా ఉండారు" అంటే, "ఎవరు?" అనేవాడు. నేను "పిల్లలు" అనేవాణ్ణి. అక్కడితో అయిపోయేది. ఒకరోజు ఆమ్లెట్ వేస్తూ "ఎర్రగడ్డ ఎక్కడుంది?" అని అడిగా. వాడు ఫోన్ నుంచి తల కూడా ఎత్తకుండా "మెట్రోలో పోవచ్చు, అమీర్‌పేట దాటాక" అన్నాడు. మా చిత్తూరులో ఎర్రగడ్డ అంటే ఉల్లిపాయ. వాడికది హైదరాబాద్‌లో ఒక ఏరియా.

యాస మారినప్పుడు తేడాలు ఈ రెండు రకాలే. పిలకాయలు లాంటి మాట వస్తే అవతలివాడు ఆగి అడుగుతాడు. తప్పు అక్కడే బయటపడుతుంది. ఎర్రగడ్డ లాంటి మాట వస్తే ఆగడు, అడగడు. తనకి తెలిసిన అర్థం తీసుకుని ముందుకెళ్లిపోతాడు.

టూల్ చేసింది, చెయ్యనిది

మొదటి రకం తేడాలకి టూల్ ఉంది. పేరు టూ-టు-త్రీ. పైథాన్‌తో పాటే వచ్చేది. ప్రింట్ పక్కన బ్రాకెట్లు పెడుతుంది, రా-ఇన్‌పుట్‌ని ఇన్‌పుట్ చేస్తుంది, ఎక్స్-రేంజ్‌ని రేంజ్ చేస్తుంది. తమాషా ఏంటంటే, 2024 అక్టోబర్‌లో వచ్చిన పైథాన్ 3.13లో ఆ టూల్‌నే తీసేశారు. దాటాల్సిన వాళ్లంతా దాటేశారని పడవ విప్పేసినట్టు. దామలచెరువులో ఒక మండీ ఇంకా ఒడ్డునే ఉందని వాళ్లకెలా తెలుస్తుంది? ఒక వెర్షన్ వెనక్కి వెళ్లి, 3.12లో ఆ టూల్ నడిపాను.

తర్వాత పేర్ల పని. మండీ చీటీల్లో ఒక వింత ఎప్పటి నుంచో ఉంది. పెద్ద పేరున్న రైతులందరి పేర్లూ సగంలో తెగి, చివర నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం వస్తుంది. మునిరత్నం అనే పేరు మా వైపు ఊరికొకరికి ఉంటుంది. చీటీలో వాళ్లంతా "మునిరత", పక్కన డైమండ్.

కారణం కోడ్‌లో దొరికింది. పేరులో మొదటి 20 మాత్రమే తీసుకోమని రాసి ఉంది. 20 ఏంటి? మామూలుగా రాస్తే పైథాన్ 2 లెక్కపెట్టేది అక్షరాల్ని కాదు, బైట్లని. ఇంగ్లీష్ అక్షరానికి ఒక బైట్ చాలు. యూటీఎఫ్-8లో తెలుగుకి ప్రతి గుర్తుకీ మూడు కావాలి. తిరుపతి అని రాస్తే మన కంటికి నాలుగక్షరాలు. యూనికోడ్‌కి త, గుడి, ర, కొమ్ము, ప, త, గుడి కలిపి ఏడు. పాత పైథాన్‌కి 21. మునిరత్నం అంటే 27 బైట్లు. 20 దగ్గర కోస్తే ఆరు గుర్తులు మిగిలి, ఏడోది మధ్యలో తెగుతుంది. ఆ తెగిన ముక్కే డైమండ్.

పైథాన్ 3లో పేరు అంటే బైట్ల వరస కాదు, గుర్తుల వరస. అదే 20 ఉంచినా మునిరత్నం పూర్తిగా వచ్చేశాడు. భాషని ఎందుకు విరగ్గొట్టారో నాకు ఆరోజు బాగా అర్థమైంది. ఇంగ్లీష్ పేర్ల వాళ్లకి ఈ మార్పు వల్ల తలనొప్పి. మనకి మాత్రం పేరు పూర్తిగా దక్కింది.

చీటీ పైన "చిత్తూరు జిల్లా" అని ఉంటే "తిరుపతి జిల్లా" చేశాను. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు పాకాల మండలం అటు వెళ్లింది. చీటీకి ఆ సంగతి తెలియదు.

3,000 కిలోలు కొట్టి చూశా, 4,000 కొట్టి చూశా, 2,500 కొట్టి చూశా. పాత కంప్యూటర్, కొత్త ల్యాప్‌టాప్ ఒకే లెక్క. మామకి ఫోన్ చేసి "అయిపోయింది" అన్నా.

తీగకి గుచ్చిన చీటీ

ఇంట్లో నాయన చీటీలన్నీ వంటింటి గోడకున్న ఇనప తీగకి గుచ్చి పెడతాడు. రాత్రి సంగటి తింటూ ఊరికే ఒకటి లాగాను. పోయిన సీజన్‌ది. బరువు 3,780 కిలోలు. తరుగు 185.

చెయ్యి కడుక్కుని ల్యాప్‌టాప్‌లో అదే బరువు కొట్టా. తరుగు 189.

తరుగంటే మచ్చకాయ, నలిగిన కాయ కింద మండీ తీసేసే బరువు. ఆ మండీలో వందకి ఐదు కిలోలు. కోడ్‌లో కూడా బరువుని 100తో భాగించి 5తో గుణించమనే ఉంది. ఆ లైన్ నేను ముట్టుకోలేదు. టూల్ కూడా ముట్టుకోలేదు.

అదే ఎర్రగడ్డ. భాగహారం గుర్తు, /. పైథాన్ 2లో రెండు పూర్ణాంకాల మధ్య ఈ గీత పెడితే జవాబు కూడా పూర్ణాంకమే. 3,780ని 100తో భాగిస్తే 37. మిగతా 80 గాలికి పోతుంది. పైథాన్ 3లో జవాబు 37.8. పాత లెక్క కావాలంటే రెండు గీతలు పెట్టాలి, //. టూల్ దీన్ని మార్చదు. ఆ గీతకి అటూ ఇటూ వచ్చేది పూర్ణాంకమో, దశాంశమో ప్రోగ్రాం నడిస్తే గానీ తెలియదు. అందుకే వదిలేస్తుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. నేను కొట్టి చూసినవన్నీ వందలు నిండిన బరువులు కాబట్టి తేడా కనబడలేదు.

నిద్ర పట్టలేదు. నాలుగు కిలోలంటే ఎంత? తోతాపురి ధర పడిపోయిన 2025 సీజన్ లెక్కలో ఇరవయ్యో, ముప్పయ్యో రూపాయలు. ఆ ఏడాది ప్రభుత్వమే కిలోకి 4 రూపాయలు కలుపుతామనాల్సి వచ్చింది. లోడుకి ఇరవై రూపాయలు పెద్ద మాట కాదు. కానీ సగటున లోడుకి రెండున్నర కిలోలు తేడా వస్తుంది. రోజుకి వంద లోడ్లు దిగితే 250 కిలోలు. ఇన్నేళ్లుగా పాత ప్రోగ్రాం మామ దగ్గర నుంచి తప్పుగా తీసి రైతులకిచ్చింది. ఆ రైతుల్లో మా నాయన ఒకడు. ఇప్పుడు నేను లెక్క సరిచేస్తే మా ఇంటికే నష్టం. చెప్పకుండా రెండు గీతలు పెట్టేస్తే మామకి మోసం.

పొద్దున్నే బండేసుకుని దామలచెరువు పోయా. సీజన్ ఇంకా మొదలు కాలేదు. మండీలో కొత్త తాటాకు పందిరి వేస్తున్నారు. మామ, గుమాస్తా తాత టీ తాగుతున్నారు. విషయమంతా చెప్పా. "మామా, నీ ప్రోగ్రాంలో తప్పు ఉండాది. పద్నాలుగేళ్లుగా లోడుకి కొన్ని కిలోలు నీకు రావాల్సింది రాలేదు" అన్నా.

మామ తాత వైపు చూశాడు. తాత గ్లాసు కింద పెట్టాడు.

"తప్పేందిరా? వంద నిండితేనే తరుగు. నిండని దానికి తరుగు యాడిది?"

నాకు అర్థం కాలేదు. తాత లోపలికి పోయి ఎర్ర అట్ట పుస్తకం ఒకటి తెచ్చాడు. కంప్యూటర్ రాకముందువి. చేత్తో రాసిన లెక్కలు. 2,460 కిలోలు, తరుగు 120. 3,190 కిలోలు, తరుగు 155. ఎక్కడా వంద మీద చిల్లర బరువుకి తరుగు లేదు.

"పెద్దాయన కాలం నుంచి ఇదే మాట" అన్నాడు మామ. పెద్దాయన అంటే వాళ్ల నాయన. "కావాలంటే కాణిపాకంలో ప్రమాణం చేస్తా. ఆ కుర్రోడు వారం రోజులు తాత పక్కన కూచోని, చూసి రాసుకున్నాడు."

ల్యాప్‌టాప్ తెరిచి ఆ లైన్ మళ్లీ చూశా. దాని పైన కోడ్ మొత్తానికి ఉన్న ఒకే ఒక్క కామెంట్. ఇంగ్లీష్‌లో, "డోంట్ టచ్". నేను మొదటిరోజే చూసి నవ్వుకుని వదిలేసింది.

ఆ కుర్రాడికి తెలుసు. తెలిసే ఆ గీత పెట్టాడు. ఎందుకో మాత్రం రాయలేదు. తెలుగులో రాద్దామని చూసి ఉంటాడేమో కూడా. పైథాన్ 2లో ఫైలు మొదట్లో ప్రత్యేకంగా ఒక లైన్ పెట్టకుండా తెలుగు కామెంట్ రాస్తే, ఫైలు మొత్తం ఎర్రర్. కామెంట్ అన్నది కంప్యూటర్ పట్టించుకోని మాట. అందులో కూడా తెలుగుకి చోటు లేదు. పైథాన్ 3లో ఆ అడ్డు లేదు.

ఇంటికొచ్చి నాయనతో చెప్పా. పాత చీటీ తీగకి మళ్లీ గుచ్చుతూ, "నీకు తెలీదా? ఊరందరికీ తెలుసు గదా" అన్నాడు. "వే బ్రిడ్జిలో వంద దాటి డెబ్బై ఎనభై పడిందంటే ఆరోజు మనకి కలిసొచ్చినట్టే."

ఇంజనీరింగ్ చదివినవాడు ఇంట్లో ఒక్కడే. తెలియనిదీ ఆ ఒక్కడికే.

రేకుల మీద లేనిది

పని ముగిశాక నాయన, నేను అలిపిరి నుంచి కొండెక్కాం. దర్శనం అయ్యాక తిరుమల మ్యూజియంలో తాళ్లపాక వారి రాగి రేకులు చూశాం. చిన్నప్పుడు స్కూల్ టూర్‌లో కూడా చూశా. అప్పుడు చూసింది రాగి. ఇప్పుడు ఆ గీతల్ని చూశా.

అన్నమయ్య కీర్తనల్ని ఆయన కొడుకు, మనవడి కాలంలో రేకుల మీద చెక్కించారు. ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో వందల ఏళ్లు ఉండిపోయి, 20వ శతాబ్దంలో బయటికొచ్చాయి. వేటూరి ప్రభాకర శాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ లాంటి పండితులు వాటిని చదివి మనం చదువుకునేలా పుస్తకాలకి ఎక్కించారు. కీర్తనలకి రాగం పేరు రేకు మీద ఉంది. ఎలా పాడేవారో లేదు. ఈరోజు మనం వినే వరసలు చాలావరకు రాళ్లపల్లి వారు, ఆ తర్వాతి వాళ్లు కట్టినవి.

చెక్కిన వాళ్లు అశ్రద్ధ చేశారని నేననుకోను. వాళ్ల చుట్టూ పాడేవాళ్లు ఉన్నారు. అందరికీ తెలిసిన వరసని ఎవరైనా ఎందుకు రాస్తారు? తాత పక్కన కూర్చుని రాసుకున్న కుర్రాడికీ అలాగే అనిపించి ఉంటుంది. తాత ఉన్నాడుగా, ఎవరైనా అడిగితే చెబుతాడని.

తాతకి ఇప్పుడు డెబ్బై ఎనిమిది.

కొండ దిగాక తిరుపతి బస్టాండ్‌లోనే ల్యాప్‌టాప్ తెరిచా. భాగహారానికి రెండు గీతలు పెట్టా. రౌండ్ చేసే చోట కూడా ఒక ఎర్రగడ్డ ఉంది. సరిగ్గా 50 పైసలొస్తే పైథాన్ 2 పై రూపాయికి పోతుంది, పైథాన్ 3 దగ్గర్లోని సరిసంఖ్యకి పోతుంది. దాన్నీ మండీ అలవాటుకే తిప్పా. పైథాన్ 3లో వేరియబుల్ పేరు తెలుగులో పెట్టుకోవచ్చు కాబట్టి, తరుగు అనే పేరే పెట్టా. "డోంట్ టచ్" తీసేసి ఆ చోట ఇలా రాశా:

# వంద నిండితేనే తరుగు. పైన మిగిలిన కిలోలకి లేదు. ఇది పొరపాటు కాదు, పెద్దాయన కాలం నుంచి మండీ రైతులకిచ్చిన మాట. మార్చాలంటే ముందు రైతుల్ని అడగండి.

జూన్ రెండో వారంలో మండీ తెరిచారు. మొదటిరోజు సెలవు పెట్టి వచ్చా. నాలుగో లోడు ఒక మునిరత్నానిది. 3,460 కిలోలు, తరుగు 170. చీటీ ప్రింటర్లోంచి రాగానే ఆయన దాన్ని దూరంగా పట్టుకుని చదివాడు. లెక్క చూడలేదు. పేరు చూశాడు.

"ఈతూరి పేరు పూర్తిగా వచ్చిండాదే" అన్నాడు. చీటీ మడిచి జేబులో పెట్టుకుని, ట్రాక్టర్ దగ్గరికి పోయాడు.

తాత తన పుస్తకంలో కూడా ఆ లోడు రాసుకుంటున్నాడు. కొత్త ల్యాప్‌టాప్ మీద ఆయనకింకా నమ్మకం కుదరలేదు. నేనేమీ అనలేదు. ఆ పుస్తకం నాక్కూడా కావాలి.